పదిహేడో చీటీ

పక్క కుర్చీలో మనిషి కాఫీ కప్పులోకి తుపుక్కున ఉమ్మాడు.

వెర్నా ఒళ్ళు జలదరించింది.

పొద్దుతిరుగుడు గింజల తొక్కలు. అప్పటికే కప్పు సగం నిండింది. రబ్బరు బూట్లకు ఎండిన పందుల పెంట. గడ్డానికి అతుక్కున్న ఒక తొక్క, అతను నోరు తెరిచినప్పుడల్లా ఊగుతోంది.

కెనడాలో, సాస్కటూన్ ఊళ్ళోని ఆ రక్తపరీక్షల గదిలో ఇంకో కుర్చీ ఖాళీ లేదు. ఉన్నా, లేచి వెళ్ళే ఓపిక ఆమెకు లేదు.

"తుంటి నొప్పా అమ్మా?" ఆమె చేతికర్ర చూసి అడిగాడు.

"ఆ."

"నాకూ ఉండేది. తుంటి మార్పించుకుని ఆర్నెల్లయింది. ఇప్పుడు పందుల వెంట పరిగెడుతున్నా." మళ్ళీ ఉమ్మాడు. "ఇంకోసారి రక్తం ఇచ్చిపొమ్మంటే వచ్చా. మూడు గంటల దారి."

వెర్నా మొహం తిప్పేసుకుంది.

ఆమె తుంటి పన్నెండేళ్ళ కిందటే మార్చారు. ఆ లోహపు కీలు ఇప్పుడు వదులైంది, చుట్టూ ఎముక అరిగిపోయింది. రోజూ మెట్లు పాకుతూ ఎక్కి పడకగది చేరుతోంది. పద్నాలుగు నెలలు కాచుకుంటే ఇన్నాళ్ళకు ఆపరేషన్ తేదీ దొరికింది, ఇంకో పది రోజులు.

అరిగినచోట ఎవరో దానం చేసిన ఎముక నింపుతామన్నాడు డాక్టరు. వేరేవాళ్ళ ఎముక అంటే ఆమెకు రోత. కనీసం శుభ్రమైన మనిషిదైతే చాలనుకుంది.

తుపుక్.

"ఏమ్మా," వెర్నా కిటికీ వెనకున్న క్లర్కును కేకేసింది. "ఈయన్ని బయట కూర్చోబెట్టలేరా? కంపు. వాంతొచ్చేలా ఉంది."

గదిలో అందరికీ వినపడింది. తలలు ఫోన్లలోకి దించుకున్నారు. అదే మర్యాద అనుకుంటారు ఈ ఊళ్ళో.

"తెల్లారుజామున పంది ఈనిందమ్మా," అన్నాడతను మెల్లగా. "ఆలస్యమవుతుందని బట్టలు మార్చుకోకుండా వచ్చేశా."

"పందికి లేకపోయినా మనిషికి ఉండాలిగా సిగ్గు."

అతను కప్పుకు మూత పెట్టాడు. గడ్డం తుడుచుకున్నాడు. జేబులోంచి నంబరు చీటీ తీశాడు.

"పదిహేడు. తర్వాత పిలిచేది ఇదే. నొప్పితో ఉన్నారు, మీరు వెళ్ళండి."

వెర్నా చేతిలో ఉన్నది ముప్పై ఒకటి. టిష్యూ కాగితం అడ్డం పెట్టి, అతని చీటీని కొసన పట్టుకుని తీసుకుంది. థాంక్స్ చెప్పాలని కూడా తోచలేదు.

అతను ఏమాత్రం కుంటకుండా తలుపుదాకా నడిచి వెళ్ళిపోయాడు. పీడ విరగడైందనుకుంది.

మర్నాడు డాక్టరుగారి నర్సు జోసెలిన్ ఫోన్ చేసింది.

"వెర్నా గారూ, మీ ఆపరేషన్ ఆగిపోయిందండీ. మీకనుకున్న ఎముక వాడటానికి లేదు."

"ఉందన్నారుగా?"

"ఫ్రీజర్‌లో ఉందండీ. దాత తుంటి మార్చినప్పుడు తీసి దాచాం. కానీ ఆర్నెల్లయ్యాక ఆయన మళ్ళీ రక్తం ఇవ్వాలి. అది బాగుంటేనే ఎముక వాడతాం. నిన్న ఇవ్వాల్సింది, ఇవ్వలేదు."

"ఛీ, మాట మీద నిలబడని మనుషులు. ఫోన్ చేసి రమ్మనండి."

"చేశానండీ. ఇక రానన్నాడు. ఎముక పారేయమన్నాడు."

"మరి నాకు మళ్ళీ తేదీ ఎప్పుడు?"

"ఇంకో ఎముక దొరికినప్పుడు. వచ్చే ఏడు కావచ్చు."

"ఇంతకీ ఎందుకివ్వలేదట?"

జోసెలిన్ గొంతులో రోత దాగలేదు.

"ఎవరో ఆవిడ కంపు కొడుతున్నావని అందరిముందూ కసిరిందట. తన పదిహేడో నంబరు చీటీ ఆవిడకే ఇచ్చేసి, ఇంటికెళ్ళిపోయాడటండీ."