ముక్కు మీద తూనీగ

"కదలకు, సక్కూ! నీ ముక్కు మీదనే వాలింది!" కెమెరా నల్లగుడ్డలో తల దూర్చి అరిచాడు సైదయ్య.

పందొమ్మిదివందల నలభైతొమ్మిది వానాకాలం. సూర్యాపేటలో అందరి ఫొటోలూ తీసే సైదయ్య, ఎర్ర తూనీగ కోసం పొద్దుటి నుంచీ వాడపల్లి ఏటిగట్టున తిరుగుతున్నాడు. గొడుగు పట్టుకొని వెంట తిరిగే పెండ్లాం సక్కుబాయి ఫొటో మాత్రం ఏనాడూ తీయలేదు.

సక్కుబాయి పెదవులు కదపకుండా అంది: "ఫొటోల కాళ్లదాకా నేను పడాలె. లేకుంటే తుమ్ముత."

"గంత దూరం పోతే తూనీగ చుక్కంత అయితది!"

"ఆఁ... ఆఁ..." సక్కుబాయి తుమ్ముకు సిద్ధమైంది.

"జర ఆగు!" సైదయ్య కెమెరా ఎత్తుకొని వెనక్కి ఉరికాడు.

ఫొటో కడిగితే, నవ్వు ఆపుకుంటూ సక్కుబాయి నిలువెల్లా కనిపించింది. సైదయ్య చాలాసేపు ఆమెనే చూశాడు. ఆ పటాన్ని దుకాణంలో తగిలించాడు.

"మీ ఇంటామె ముక్కుపుడక మస్తుగుంది. యాడ కొన్నరు?" అడిగాడొక గిరాకీ.

"వాడపల్లిల," అన్నాడు సైదయ్య.