నీలి వెలుగులో జంగయ్య కడుపు

"జంగయ్యా! జంగయ్య ఎవరు?"

నర్సు మూడోసారి పిలిచాక పక్కనున్న బావ మోచేత్తో పొడిచాడు. అతను ఉలిక్కిపడి లేచాడు.

"బావా, ఈడనే ఉంటవా?"

"నేను యాడికి పోతరా? ఫికర్ చెయ్యకు, పో."

బావ పొమ్మంటే పోవడం అతనికి అలవాటు. పెళ్లిళ్లకు పోయాడు, పంచాయితీలకు పోయాడు. పాలమూరులో ఈ దవాఖాన గదిలోకి పోవడానికి మాత్రం కాళ్లు రాలేదు.

వెనక్కి తిరిగే దారి లేదు. జంగయ్య భార్య సుగుణమ్మ రాత్రే వంటింటికి తాళం వేసింది. తెల్లారి అచ్చంపేటలో ఇద్దరినీ బస్సెక్కించి, "కెమెరా పరీక్ష కాకుండ వస్తే గడప తొక్కనియ్య" అంది. ఇద్దరి కడుపులూ ఖాళీయే.

"వయసు?" నర్సు అడిగింది.

"నలభై... కాదు, యాభై ఆరు."

"మూడు నెలల నుంచి కడుపులో మంట అని రాయించారు. తగ్గిందా?" అన్నాడు డాక్టరు.

"ఏం మంట సార్?... ఆఁ, గా మంటా! గట్లనే ఉన్నది."

భయమేస్తే మనిషి వయసే కాదు, నొప్పి కూడా మరిచిపోతాడని డాక్టరుకు తెలుసు. నవ్వి, గొంతులోకి తిమ్మిరి మందు కొట్టాడు.

గొట్టం లోపలికి పోయింది. తెర మీద ఎర్రటి గుహ. ఎక్కడ చూసినా నున్నగా ఉంది. ఉత్తగనే గింత గోస పెట్టినవు గదా బావా, అని అతను లోలోపలే తిట్టుకున్నాడు.

డాక్టరు ఒక మీట నొక్కాడు. వెలుగు నీలంగా మారింది. ఆ వెలుగులో కడుపు, కొండ మీంచి చూసిన నల్లమల అడవిలా పచ్చగా తేలింది. మధ్యలో లేత నీలం మచ్చలు రెండు.

అతను రెప్ప వేయలేదు. పుట్టినప్పటి నుంచి ఈ కడుపు తన వెంటే తిరిగింది. ఒక్క మాటైనా చెప్పలేదు.

"మామూలు వెలుగులో ఇవి కనబడవు," చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపుతూ అన్నాడు డాక్టరు. "చూస్తే క్యాన్సర్‌లా లేదు. కానీ వదిలేస్తే కొన్నేళ్లకు అటు పోవచ్చు. మందులు వాడాలి, రమ్మన్నప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి. మంచి టైముకు వచ్చావు జంగయ్యా!"

అతను ఫైలు గుండెకు అదుముకుని, వెక్కుతూ బయటికి వచ్చాడు.

గేటు దగ్గర బావ నాలుగో మిర్చి బజ్జీ నములుతున్నాడు. మచ్చల సంగతి వినగానే చేతిలోది జారి కింద పడింది. మొహం తెల్లబోయింది. ఫైలు మీది పేరును వేలితో ఒకసారి తడిమాడు. గుండె రాయి చేసుకుని, అతని భుజం తట్టాడు.

"నువ్వెందుకు ఏడుస్తవ్‌రా సైదులూ, జంగయ్యను నేను గదా!"