మూడో బొమ్మలో అక్క ఏడవాలి

ఆ కాలంలో సినిమావాళ్ళే కాదు, ఇంటింటా ఏ పనికైనా ముందు స్టోరీబోర్డు గీయించుకునేవారు. సంగతి చెబితే చాలు, గోడమీది పలక జరగవలసినదంతా వరుసగా బొమ్మలు గీసి చూపించేది.

కాకినాడ హైమావతికి అక్క కనకవల్లితో రెండేళ్ళుగా మాటల్లేవు. తమ్ముడి పెళ్ళిలో వడ్డన దగ్గర వచ్చిన మాటపట్టింపు. ఇక రాజీ పడదామని బోర్డు గీయించింది. మొదటి బొమ్మలో తను గుమ్మంలో నిలబడుతుంది, రెండోదానిలో నవ్వుతుంది, మూడోదానిలో అక్క భోరుమని ఏడ్చి క్షమించమంటుంది. ఆ మూడోది ఆమెకు తెగ నచ్చింది.

వస్తున్నానని కబురుపెట్టి వెళ్ళింది. గుమ్మంలో నిలబడి నవ్వింది. అక్కా నవ్వింది. ఎంతసేపు చూసినా ఏడవదే!

“ఏంటక్కా అలా చూస్తావు? ఇప్పుడు నువ్వేడవాలి.”

“నేనా? నా బోర్డులో నువ్వొచ్చి నా కాళ్ళమీద పడతావే!”

“నీ కాళ్ళమీదా? నేనా?”

గొంతులు లేచాయి. పెళ్ళినాటి వడ్డనే కాక చిన్ననాటి జడకుచ్చుల తగాదా కూడా బయటికొచ్చింది. అరిచి అరిచి హైమావతికి పొలమారింది. కనకవల్లి పరుగున వచ్చి నెత్తిన తట్టింది.

“ఎవరో తలుచుకుంటున్నారే.”

“నువ్వు మాత్రం కాదులే,” అంది హైమావతి దగ్గుతూనే.

“రోజూ తలుచుకున్నానే పాపిష్టిదానా, తిట్టుకుంటూ!”

హైమావతి అక్కను పట్టుకుని బావురుమంది. కనకవల్లి కళ్ళు తుడుచుకుని, చెల్లెల్ని వంటింట్లోకి లాక్కెళ్ళి పెసరట్టు వేసింది. రెండో అట్టు దగ్గర అల్లం ఎక్కువైందని ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు.