అటూ ఇటూ రెండున్నర

“ఫెయిల్ అని రాయుర్రి మేడం. మీ కాళ్లు మొక్కుత.”

రజిని తలెత్తి చూసింది. నిజామాబాద్‌లోని ఆ ఆహార పరీక్షల ల్యాబుకు వచ్చే పసుపు వ్యాపారులు, నూనె మిల్లులవాళ్లు అందరూ పాస్ కోసమే బతిమాలుతారు. ఫెయిల్ కావాలని ఏడ్చే మనిషిని చూడటం ఆమెకు ఇదే మొదలు.

అతని పేరు పరమేశ్వర్. ఊరు బోధన్. పసిబిడ్డ ఈ ఊరి ఆసుపత్రిలోనే పిల్లల వార్డులో ఉంది. కాళ్ల ఎముకలు మెత్తబడి వంగిపోతున్నాయి. తల్లికి పాలు పడలేదు, పుట్టినప్పటి నుంచీ డబ్బా పాలే. ఆ పొడిలో డి విటమిన్ తక్కువై ఇలా జరిగితే మందులతో నయమవుతుందన్నాడు డాక్టరు. పొడి బాగానే ఉంటే మాత్రం అది పుట్టుకతో వచ్చిన జబ్బు, బతుకంతా మోయాల్సిందే అన్నాడు. అప్పటి నుంచి ఆ తండ్రి, పొడి చెడ్డదై ఉండాలని కనబడ్డ దేవుడికల్లా మొక్కుతున్నాడు.

“నువ్వు తెచ్చిన పొడిల డి విటమిన్ ఉండాల్సింది పది. వచ్చింది ఎనిమిది” అంది రజిని.

“తక్కువనే గద!” అతని ముఖం వెలిగింది.

“ఆగన్నా. ఎంత మంచి మిషనైనా కొలతల కొంత తేడా ఉంటది. దీనికి అటూ ఇటూ రెండున్నర. అసలుది అయిదున్నర కావచ్చు, పదిన్నర కూడా కావచ్చు.”

“ఎటైనా కావచ్చంటే కిందికే అనుకోర్రి మేడం.”

“అట్ల అనుకునుడు కుదరదు. అనుమానం ఉన్నప్పుడు అమ్మినాయనను తప్పు పట్టొద్దు. అది మా పద్ధతి.”

“పట్టుర్రి! గా దుకాణంల పొద్దుగూకెదాంక ఎండంతా డబ్బాల మీదనే పడుతది. నేను కండ్లార సూసిన. ఎండకు విటమిన్ సచ్చిపోతదట గద?”

“తగ్గొచ్చు. కాని నాకు దొరికింది ఎనిమిదే. కొన్న బిల్లుందా?”

“లేదు.”

ఇంకోసారి చూడమని పట్టుబట్టాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. రజిని మళ్లీ పరీక్ష చేసింది. ఈసారి అంకె ఎనిమిది కంటే కాస్త పైకే వచ్చింది.

పరమేశ్వర్ కుర్చీలో కూలబడ్డాడు. రజినికి జాలేసింది. కొంచెం కోపం కూడా వచ్చింది.

“ఉత్తగనే ఫెయిల్ అని రాస్తే ఆ దుకాణపాయన గతేంది అన్నా? ముందు కేసయ్యేది ఆయన మీదనే. జైలుకు పోతడు. ఆయనకూ పిల్లలుంటరు గద?”

“పోనీ మేడం. జైల్ల పడనీ. ఊరంతా ఆయన ముఖం మీద ఉమ్మేసినా సరే. నా బిడ్డ నడవాలె.”

ఆ మాటకు రజిని ఉలిక్కిపడింది. కడుపుమంట మనిషిని ఎంతకైనా తెగింపజేస్తుంది అనుకుంది. ‘ఫెయిల్ అని చెప్పలేము’ అని రిపోర్టు రాసి, సంతకం చేసి ఇచ్చింది.

వార్డులో భార్య శ్రీవాణి బిడ్డను ఒళ్లో పెట్టుకుని గుమ్మం వైపే చూస్తోంది. అతను రాగానే లేచి నిలబడింది.

“ఏం రాసిండ్రు? జెప్పన చెప్పు.”

“మన దుకాణం తప్పేం లేదంట. నేను అమ్మే డబ్బాలు మంచియేనంట” అని పరమేశ్వర్ గోడకు తల బాదుకుంటూ ఏడ్చాడు.