కరీంబీ చెయ్యి

“ఈ కొత్తపిల్ల వద్దు. ఫిర్దోస్ సిస్టర్‌ని పిలవండి.”

మంచం మీదున్న కొండలయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

సూది పట్టుకున్న ఏంజెలిన్ అట్లాగే నిలబడిపోయింది.

ఆత్మకూరులోని ఆ చిన్న డయాలసిస్ సెంటర్‌లో ఆమె ఈమధ్యే చేరింది. కిడ్నీలు పాడైన వాళ్ళ చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చి, రక్తం శుద్ధిచేసే యంత్రానికి కలపాలి. ఫోన్లో వీడియోలు చూపించారు. రబ్బరు చేతిమీద గుచ్చించారు. పరీక్ష పెడితే ఫస్టు వచ్చింది.

మనిషి చెయ్యి కనబడితే మాత్రం వేళ్ళు వణుకుతున్నాయి.

నెలాఖరుకి సొంతంగా సూది వెయ్యడం రాకపోతే ఉద్యోగం ఉండదన్నారు. వెయ్యనిచ్చేవాళ్ళెవరు?

“ఏయ్ కొత్తపిల్లా, ఇట్రా!”

మూల మంచం మీంచి ముసలి కరీంబీ కేకేసింది.

“ఏంది ఆ వణుకుడు? నా చెయ్యేమన్నా కరుస్తాదా? గుచ్చు!”

ఏంజెలిన్ గుచ్చింది. తప్పింది. చెయ్యి కమిలింది.

“గోనెసంచి కుడతా ఉండావా? తియ్. మళ్ళీ నువ్వే వెయ్.”

వార్డంతా నవ్వింది. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ కరీంబీ ఏంజెలిన్‌నే పిలిచింది, తిట్టింది.

ఉదయగిరిలో ఉన్న తల్లి లిదియమ్మకు ఫోన్లో ఈ సంగతి తెలిసింది. ఇక అన్నం సయించలేదు. ఆ ముసలామెకు ఏమన్నా అయితే? వాళ్ళవాళ్ళు గొడవకొస్తే? పోలీసులు పిల్లని తీసుకుపోతే?

కరీంబీ వచ్చే రోజు చూసుకుని ఆత్మకూరు బస్సెక్కింది. నేరుగా మూల మంచం దగ్గరికే వెళ్ళింది.

“ఏమ్మా, మా పిల్ల నీకేం చేసినాది? పనిగట్టుకొని దాన్నే పిలిచి తిడతావంటనే!”

కరీంబీ తలగడ సర్దుకుంది. “నువ్వేనా తల్లివి? ఆ వణుకు ఏడనించి వచ్చినాదా అనుకుంటా ఉండా.”

“ఎగతాళి గాదు. నీకేమన్నా అయితే నా బిడ్డని జైల్లో పెడతారు!”

“నాకు అయ్యేదంతా అయ్యేపోయినాది లేమ్మా. ఇంకేం గావాల?”

“ఇంకెవర్నన్నా పిలుచుకో.”

“పిలవను. నాకు ఈ పిల్లే కావాల.”

లిదియమ్మ ఇన్‌చార్జి ఫిర్దోస్ వైపు తిరిగింది. “ఈ గయ్యాళిదాని కాడికి మా పిల్లని పంపబాకమ్మా, నీకు దండం పెడతా.”

ఫిర్దోస్ ఏదో చెప్పబోయింది. కరీంబీ కళ్ళెర్రజేసేసరికి ఊరుకుంది.

“అమ్మా, నువ్వు బయట కూర్చో. నేను వెయ్యాల్సిందే,” అంది ఏంజెలిన్.

ఆ గొంతు కూతురిదేనా అని లిదియమ్మ తెల్లబోయింది. బయటికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడింది.

ఏంజెలిన్ గ్లౌజులు తొడుక్కుంది. కరీంబీ చేతిమీద వేళ్ళు ఆనించి చూసింది. చర్మం కింద రక్తం జుమ్మని పారుతోంది. ఆ జోరు వేళ్ళకు అందేదాకా ఆగింది. అప్పుడు గుచ్చింది.

గొట్టం ఎర్రబడింది.

రెండోది కూడా తప్పలేదు.

“ఊఁ. ఇంక నా కాడ ఏం పని? ఆ కొండలయ్య కాడికి పో.”

“చూడు, ఒక్క మంచిమాటన్నా వచ్చినాదేమో దాని నోట!” అని గొణిగింది లిదియమ్మ.

నెలాఖరుకి ఏంజెలిన్ ఉద్యోగం ఖాయమైంది.

కొద్దిరోజులకు లిదియమ్మ మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని వచ్చింది. కొండలయ్య ఏంజెలిన్ ముందు చెయ్యి చాపుకుని కూర్చుని ఉన్నాడు. మూల మంచం మీద మాత్రం ఎవరో కొత్త మనిషి.

“ఆ గయ్యాళామె ఏదమ్మా? ఆమెకి గూడా ఓ ముక్క ఇచ్చిపోదామని...”

“పోయిన వారం పోయినాదమ్మా. ఇంట్లోనే, గుండె ఆగి,” అంది ఫిర్దోస్.

లిదియమ్మ ఫిర్దోస్ చెయ్యి పట్టుకుంది. “ప్రభువా! మా పిల్ల వేసిన సూది వల్ల గాదు గదా?”

“గాదమ్మా. చానాళ్ళ జబ్బు.”

లిదియమ్మ ఊపిరి పీల్చుకుంది. నెమ్మదిగా అడిగింది.

“మరి మా పిల్లంటే ఆమెకి ఎందుకమ్మా అంత కోపం?”

ఫిర్దోస్ కళ్ళు తుడుచుకుంది.

“కోపం గాదమ్మా. కొత్తోళ్ళని ఎవురూ చెయ్యి ముట్టుకోనీరని, ‘నా కాడికి పంపండి, ఈ మాట ఎవురికీ చెప్పబాకండి’ అని ఆమే అడిగినాది. నాతో సహా ఇక్కడ అందరికీ పనొచ్చింది ఆమె చేతిమీదే.”