ఏడో అట్ట

దుకాణం నుంచి బయల్దేరేటప్పుడు రంగుల వ్యాపారి దగ్గరున్న సరుకు ఇంతే: చెవులు మూసే పెద్ద హెడ్‌ఫోన్లు, పిసకడానికి మెత్తటి బంతి, బొమ్మల అట్టలు ఏడు, పందొమ్మిదేళ్ల కూతురు.

అమ్మాయికి ఆటిజం. ఏది ముందో ఏది వెనకో తెలియకపోతే ఆస్పత్రిలో కాలు పెట్టేది కాదు. అందుకే పదేళ్ల కిందట అతను ఆరు అట్టలు గీశాడు. కుర్చీ, రబ్బరు పట్టీ, దూది, సూది, గొట్టం, ప్లాస్టర్. ఏడోది నిన్న అమ్మాయే గీసింది. ఒక తలుపు, దాని మీద ఎర్రగా ఇంటూ గుర్తు.

కారణం లేకపోలేదు. రక్తపరీక్షకని ఇప్పటికి మూడుసార్లు రావడం, మూడుసార్లూ సూది కనబడగానే ఉడాయించడం. ఇవాళా ఇవ్వకపోతే పిత్తాశయంలో రాళ్లు తీసే ఆపరేషన్ తేదీ చేజారుతుంది. మళ్లీ దొరికేది మూడు నెలలకు. అన్నాళ్లు ఆ కడుపునొప్పి ఎవరు పడతారు?

రక్తం తీసే గదిలోకి నర్సు వచ్చింది. "ఏం పాపా, భయమా? చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"నాకు పందొమ్మిదేళ్లు," అంది అమ్మాయి గోడకేసి చూస్తూ. "చీమ మూడు గొట్టాలు నింపుకోదు. నొప్పి ఐదు సెకన్లు ఉంటుంది. అలా చెప్పండి. ఆ లైటొకటి ఆర్పండి. చెప్పకుండా ముట్టుకోకండి."

నర్సు లైటు ఆర్పింది. వ్యాపారి బేరానికి దిగాడు.

"సిస్టర్, వేలి నుంచి రెండు చుక్కలు తీస్తే సరిపోదూ?"

"సరిపోదండీ."

"పోనీ, ఒక్క గొట్టంతో కానిచ్చేయండి. మూడెందుకు?"

"ఇదేమైనా మీ దుకాణమా అండీ, తగ్గించి ఇవ్వడానికి?"

అతని చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కూతురి వైపు వంగాడు. "అమ్మలూ, గోదాముకు లోడొచ్చే వేళయింది. రేపొద్దామా?"

"లోడు శుక్రవారం. ఇవాళ మంగళవారం." అమ్మాయి ఏడో అట్ట ఎత్తి పట్టుకుంది.

నర్సు పరీక్ష చీటీ తీసి పేరు చదివింది. ఎందుకో పెదవి కొరుక్కుంది.

ఆ తర్వాత అంతా అట్టల వరసే. కుర్చీ. పట్టీ. దూది. "ఇప్పుడు సూది," అని ముందే చెప్పింది నర్సు. అమ్మాయి వేలు మోకాలి మీద తాపీగా ఐదుసార్లు తట్టింది. బంతి నలిగి పచ్చడైంది. గొట్టాలు ఒకదాని వెనక ఒకటి నిండాయి. ఏడుపు లేదు, పరుగు లేదు.

లెక్క తేలింది. పోయింది మూడు గొట్టాల రక్తం, ఒక బంతి. దక్కింది ఆపరేషన్ తేదీ.

కుర్చీలో కళ్లు బిగించుకుని కూర్చున్న నాన్న చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి, "అయిపోయింది నాన్నా, ఇక చొక్కా చెయ్యి దించుకో," అంది అమ్మాయి.