తాళాల గుత్తి

"ఈ మిరప ఘాటులో కుక్కకి వాసన తెలుస్తుందా అత్తయ్యా? తెలియకపోతే నా పిల్ల ఏమైపోతుంది?"

"ఫిట్స్‌ని ముందే వాసన పట్టే కుక్కట! మనుషుల ముక్కులే పనిచెయ్యని కల్లంలో! రేపే దాన్ని పంపించెయ్," అంది ఎండు మిరపలోంచి రంగు తప్పిన తాలుకాయలు ఏరుతున్న మా అత్త సుబ్బరావమ్మ.

నా కూతురు లహరికి ఫిట్స్ రాబోతుంటే నా మోకాలి మీద కాలు వెయ్యాలని మా కుక్క జున్నుకి ఆర్నెల్లుగా నేర్పిస్తున్నాం. ఈవిడ మాత్రం, పిల్ల పడిపోయిన ప్రతిసారీ తన నడుముకున్న తాళాలు తీసి దాని చేతిలో ఇరికించేది. ఆ మొరటు వైద్యం చూస్తే నాకు ఒళ్లు మండేది.

అంతలో జున్ను లేచింది. నా వైపైనా చూడకుండా వెళ్లి అత్త తాళాల గుత్తి పట్టుకు లాగింది.

"ఛీ, దొంగముండా! చూశావా, నీ చదువుకున్న కుక్క!" అత్త చెప్పు తీసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. మరుక్షణమే తట్టింది. తాళాలు! ఫిట్స్ వచ్చినప్పుడే బయటికొచ్చే తాళాలు!

నీళ్లతొట్టి గట్టు మీద కూర్చున్న లహరిని ఒక్క ఉదుటున దించి పట్టా మీద పడుకోబెట్టాను. రెండు నిమిషాలకి పిల్ల బిగుసుకుపోయింది.

ఈసారి అత్త తాళాలు తియ్యలేదు. చెప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లహరి కళ్లు తెరిచాక ఆ చెప్పు కింద పడేసింది.

"తెలుస్తుందే అమ్మాయ్. తాళాలు ఎప్పుడు కావాలో నాకంటే ముందే తెలుస్తుంది."